ఆయిల్ రిజర్వాయర్ అంటే చెరువు కాదు

తమ్ముడూ, పెట్రోలియం పాఠంలో 'రిజర్వాయర్' అంటే భూమి లోపల డ్యామ్‌లా నిండిన నూనె చెరువా అని అడిగావు. నల్లగొండలో పెరిగినవాళ్లకు ఆ మాట వింటే సాగరే గుర్తొస్తుంది మరి. కానీ ఇక్కడ రిజర్వాయర్ అంటే రాతి పొర. ఇసుకరాయిలో రేణువుల మధ్య సన్నటి ఖాళీలుంటాయి. చమురు, గ్యాస్, నీళ్లు వాటిలోనే ఉంటాయి, తడి ఇసుకలో నీళ్లున్నట్టు. ఆ ఖాళీల పాళ్లు పోరాసిటీ. అవి ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని పారనిచ్చే గుణం పర్మియబిలిటీ. అసలు చిక్కంతా రెండోదానితోనే, అది లేకపోతే చమురు బావిలోకి రాదు. మన గ్రానైట్‌లో పగుళ్లు తగిలిన చోటే బోరుకు నీళ్లు పడతాయి చూడు, అదే సంగతి. పైన షేల్ లాంటి రాయి మూతలా ఉండి చమురును ఆపితే అది క్యాప్ రాక్. పరీక్షలో 'చమురు నిల్వ ఉండి, దాన్ని పారనిచ్చే రాతి పొర' అని రాసెయ్.