కెమెరా డ్రోన్: ముందు తూకం, తర్వాతే ట్యూనింగ్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. డ్రోన్ గాలిలో నిలకడగానే ఉంది కానీ నిట్టనిలువు గోడలు కూడా అలల్లా మెలికలు తిరుగుతున్నాయి. అందుకని పీఐడీ అంకెలు, అంటే డ్రోన్ ఒరిగితే ఎంత గట్టిగా సర్దుకోవాలో చెప్పే అమరికలు, మారుస్తున్నానని రాశావు. ఇప్పుడే వాటి జోలికి పోకు. ఆ మెలికలు కంపనం చేసే పని. కెమెరా సెన్సర్ దృశ్యాన్ని ఒక్కసారిగా కాక వరుస వెంట వరుసగా చదువుతుంది. ఈలోపు కెమెరా అదిరితే ఒక్కో వరుస ఒక్కో చోట పడుతుంది. మోటారు నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే, తూకం తప్పిన రెక్క సెకనుకు 100 సార్లు ఫ్రేమును కుదుపుతుంది. అంత వేగంగా వచ్చే అదురును కెమెరాను నిలకడగా పట్టి ఉంచే గింబల్ అందుకోలేదు.

అందుకే రెక్కలతో మొదలుపెట్టు. అయస్కాంతాల మధ్య ఇరుసు తేలే బ్యాలెన్సర్ ఒకటి సంపాదించు. ప్రొపెల్లర్‌ను దానికి తొడిగి, అడ్డంగా ఉంచి వదులు. బరువైన కొస కిందికి దిగుతుంది. తేలికగా ఉన్న రెక్కకు చిన్న టేపు ముక్క అంటించు, లేదా బరువైన దాని వెనక భాగాన్ని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దు. గాలిని కోసే అంచును మాత్రం ముట్టుకోకు. అడ్డంగా నిలవగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. దాన్నే నిలువుగా పెట్టి చూడు. ఒక పక్కకు ఒరిగితే తేడా మధ్యలోని బొడిపెలో ఉన్నట్టు. ఎలా వదిలితే అలాగే ఉండిపోయేదాకా వదిలిపెట్టకు. అంచు చిట్లిన రెక్కకు ఈ సేవలన్నీ దండగ, పారేయి.

తర్వాత రెక్కలన్నీ తీసేసి మోటార్లను ఒక్కొక్కటిగా తిప్పు. ఫ్రేము మీద వేలు ఆనించి ఉంచితే అదిరేది ఏదో ఇట్టే తెలుస్తుంది. బల్ల మీద మోటారు తిప్పినప్పుడు రెక్కలు ఉండకూడదన్న నియమానికి మినహాయింపు లేదు, తొందరలో ఉన్నా సరే.

గింబల్‌ను కరెంటు ఇవ్వకుండానే తూచు. లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఫిల్టర్‌తో సహా కెమెరా బిగించి, ఏ కోణంలో వదిలినా అక్కడే ఆగాలి. గింబల్‌ను ఫ్రేముకు కలిపే రబ్బరు దిమ్మెలు మరీ గట్టివైతే అదురును దాటిస్తాయి, మరీ మెత్తనైతే కెమెరా ఊగుతుంది. వాటి పక్క నుంచి బిగుతుగా లాగిన తీగ ఒక్కటి ఉన్నా రబ్బరు పెట్టిన ఫలితం పోతుంది.

ఇప్పుడు గాలి లేని వేళ కాసేపు ఒకే చోట నిలిపి, డ్రోన్ దాచుకున్న ఎగిరిన వివరాల చిట్టా, అంటే లాగ్, తెరువు. వెనక మోటార్లు రెండూ ఎక్కువ శ్రమపడుతుంటే బరువు వెనక్కి ఉంది, బ్యాటరీని ముందుకు జరుపు. మూలకు ఎదురు మూలగా ఉన్న జంట ఎక్కువ తిరుగుతుంటే మాత్రం బ్యాటరీ జరిపి లాభం లేదు. ఆ రెండూ ఒకే దిశలో తిరుగుతాయి కదా, ఎక్కడో మోటారును మోసే ఒక ఆర్మ్ మెలిపడి మోటారు ఒరిగి ఉంటుంది, దానివల్ల డ్రోన్ గుండ్రంగా తిరిగిపోకుండా ఆపడానికే ఆ జంట శ్రమపడుతుంది. నువ్వు వాడే డ్రోన్ సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్ కాబట్టి లాగ్‌లో కంపనాన్ని చూపే వైబ్ రీడింగులు కూడా చూడు. 30 లోపు ఉంటే పరవాలేదు. 60 దాటుతుంటే మళ్లీ రెక్కల దగ్గరికే వెళ్లు.

ఇవన్నీ కుదిరాక పీఐడీ. ఒరిగినదానికి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే ‘పీ’ని కొంచెం కొంచెంగా పెంచు. సన్నగా వణకడం మొదలైతే వెనక్కి తగ్గు. ‘డీ’ ఆ వణుకును అణుస్తుంది కానీ ఎక్కువైతే మోటార్లు కాలిపోతాయి. ఒక నిమిషం ఎగరేసి దించి, రెక్కలు ఆగాక మోటార్లను తాకి చూడు. వేలు ఆనించలేనంత వేడెక్కితే ‘డీ’ తగ్గించు. పందేల డ్రోన్‌కు ఉండే చురుకు నీకు అక్కర్లేదు, కెమెరా మోసేది మెత్తగా కదిలితేనే అందం. నిలువునా దించేటప్పుడు వచ్చే ఊగిసలాట డ్రోన్ తను తోసిన గాలిలోనే దిగడం వల్ల వచ్చేది. దాన్ని అంకెలతో పూర్తిగా పోగొట్టలేవు. కాస్త ముందుకు నడిపిస్తూ దించు.

మెలికలు పోయాయో లేదో తేల్చుకోవడానికి ఫిల్టర్ తీసి, ఎండలో వేగమైన షట్టర్‌తో తియ్యి. నెమ్మది షట్టర్ లోపాన్ని కప్పేస్తుంది. ఫిల్టర్ తీస్తే గింబల్ తూకం మారుతుంది, మళ్లీ చూసుకో. ఆ లాగ్ నాకు పంపు, ఏ బ్యాటరీ పెట్టావో కూడా రాయి.

నీ మామయ్య