రాజు-జాకీ పడితే ఆడాలా, పడేయాలా?

ప్రశ్న: నమస్తే అండి, మాది గుంటూరు బ్రాడీపేట. సంక్రాంతికి బావలూ తమ్ముళ్లూ ఏడుగురం కూర్చుని చింతపిక్కలతో పోకర్ ఆడాం, రమ్మీ చిన్నప్పట్నుంచీ అలవాటే గానీ ఇది కొత్త. నాకు ఇస్పేటు రాజు, ఆటీను జాకీ పడ్డాయి, మొదట మాట్లాడాల్సింది నేనే, పెంచా, బావ మళ్లీ పెంచాడు, సరే అని కట్టా. అందరికీ కలిపి కింద పరిచే ముక్కల్లో రాజు పడింది, ఇంకేముంది అని పిక్కలన్నీ తోసేశా, బావ ఆసు-రాజు తిప్పాడు. ఇలాంటి అటూఇటూ కాని ముక్కలొస్తే ఏం చేయాలండి?

జవాబు: పిక్కలతో ఆడుతున్నారు, చాలా మంచి పని, మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020లోనే బ్యాన్ చేశారు.

ఇక మీ చేతి సంగతి. రాజు పడకపోయుంటే కొన్ని పిక్కలతో బయటపడేవారండి, పడింది కాబట్టే మునిగారు, అలాంటి ముక్కలతో భయం అదే, జత కుదిరినా, ఎదుటివాడికీ అదే జత ఉంటే మీ పక్క ముక్క చిన్నదై తేలిపోతుంది. ఆసు-తొమ్మిది కూడా ఇదే బాపతు.

మనకి రమ్మీ అలవాటు అడ్డొస్తుంది. అక్కడ మొదట్లో డ్రాప్ అయినా 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, పైగా తిప్పు తిప్పుకీ ముక్క లాగి పేక బాగుచేసుకోవచ్చు, అందుకే ఇంకో ముక్క చూద్దాం అనిపిస్తుంది. మీరాడిన పోకర్లో చేతిలో రెండే, అవి మారవు, బ్లైండ్ (ముక్కలు చూడకముందే డీలర్ పక్క ఇద్దరూ తప్పక కట్టే పందెం) కట్టనివాళ్లు మొదట్లోనే పడేస్తే ఒక్క పిక్క పోదు.

అదే రాజు-జాకీ డీలర్ సీట్లో వచ్చి, ముందు నలుగురూ పడేశారనుకోండి, ధైర్యంగా పెంచండి, మిగిలింది బ్లైండ్ కట్టిన ఇద్దరే, కింద ముక్కలు పడ్డాక చివర మాట్లాడేదీ మీరే. మొదటి సీట్లో అయితే మీ వెనక ఆరుగురున్నారు.

చిన్న జతలు, అంటే నాలుగులు, ఐదులు, తక్కువలో చూడనిస్తేనే చూడండి, కింద పడే మొదటి మూడు ముక్కల్లో అదే అంకె మూడోది తగిలేది దాదాపు 8న్నర సార్లకి ఒకసారి, ఎదుటివాళ్ల దగ్గర పెద్ద కుప్ప లేకపోతే గిట్టదు. చేతిలో రెండూ ఒకే గుర్తు (రెండూ ఇస్పేటో, రెండూ ఆటీనో) కదా అని ఆశపడొద్దు, ఆ మూడు ముక్కల్లోనే ఫ్లష్, అంటే ఐదూ ఒకే గుర్తు అయిపోయేది 119 సార్లకి ఒక్కసారి.

మీరు అసలు ఆగాల్సింది బావ మళ్లీ పెంచినప్పుడండి. మొదటి సీటు వాడు పెంచాక కూడా వెనకనుంచి ఇంకా పెంచాడంటే ఏ ఆసు-రాజో, రాణుల జతో పట్టుకునుంటాడు, అక్కడే పడేయాల్సింది.