తిరుపతి నుంచి సముద్రం ఒడ్డు కాటేజీకి: గది కంటే ముందు నీళ్ళు, కరెంటు, ఒడ్డు చూసుకోండి

ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఉగాదికి అటూ ఇటూగా ఇద్దరు చిన్నపిల్లలతో, అమ్మానాన్నలతో సముద్రం పక్కన కాటేజీలో రెండు రాత్రులు ఉండాలి, తిరుపతి నుంచి ఎక్కడికి పోతే మంచిది, ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

రెండు రాత్రులకే అయితే దూరం పెట్టుకోకండి. బాపట్ల దగ్గరి సూర్యలంక మంచి ఒడ్డే, కానీ పోవడానికో పగలు, రావడానికో పగలు పోతుంది. వాకాడు మండలం తూపిలిపాళెం మన జిల్లాలోదే. నాయుడుపేట మీదుగా పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రాత్రి ఉండాలంటే మాత్రం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని అటు పొమ్మని చెప్పను. నెల్లూరు దగ్గర మైపాడులో పర్యాటక సంస్థ హరిత రిసార్టు ఉంది, అది రెండో దారి. మీ ఇంటి లెక్కకు నేను చెప్పేది కోవళం, మహాబలిపురం మధ్య తీరం. ఇది కేరళ కోవళం కాదు, చెన్నైకి దక్షిణాన ఉన్నది. దాని బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉన్న ఒడ్లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. మరుగుదొడ్లు, ప్రాణరక్షణ ఏర్పాట్లు ఉండాలన్నది ఆ గుర్తింపు షరతుల్లోనే ఉంది. పెద్దవాళ్ళతో పోయినప్పుడు వీటి విలువ తెలుస్తుంది.

దారి కోసం చెన్నై ఊళ్ళోకి దూరకండి. పుత్తూరు, నగరి, తిరుత్తణి, అరక్కోణం, కంచి, చెంగల్పట్టు మీదుగా మహాబలిపురం దాదాపు 180 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్ళు రాణిపేట మీదుగా కంచి చేరితే ఇంకాస్త తక్కువే. గది చేతికి ఇచ్చేది ఎక్కువ చోట్ల మధ్యాహ్నం 12 తర్వాతే, కాబట్టి తెల్లవారుజామున 4కు లేచి ఉరుకులు పెట్టినా గేటు బయట కూర్చోవడమే అవుతుంది. 6కు బయలుదేరి కంచిలో టిఫిన్ చేసి, గుడి మధ్యాహ్నానికి మూసేలోపు అమ్మవారి దర్శనం చేసుకుని కదిలితే సరిగ్గా సరిపోతుంది. బాడుగ బండి అయితే తమిళనాడు పర్మిట్ ఖర్చు బాడుగలో కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి. సరిహద్దు దగ్గర తగవు పడేది దీని గురించే.

కాటేజీ మాట కొస్తాను. ఫోటోలో అలలు గుమ్మం ముందే ఉన్నట్టు కనిపిస్తే అనుమానపడాలి. 2011 తీర నిబంధనల్లో పల్లె ప్రాంతపు తీరంలో పెద్ద పోటు గీత (పోటు నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలకు అనుమతి ఉండేది కాదు. అందుకే సక్రమంగా కట్టినవి చాలావరకు కాస్త వెనక్కే ఉంటాయి. ఇసుకలో 200 మీటర్ల నడక మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు చిన్న దూరం కాదు. 'గేటు నుంచి తడి ఇసుక దాకా నడిచి వీడియో తీసి పంపండి' అని అడగండి. ఆ వీడియోలోనే ఒడ్డు వాలు, దారిలో ముళ్ళకంప, మెట్లు అన్నీ కనిపిస్తాయి. వీడియో పంపడానికి సాకులు చెప్పేవాళ్ళకు అడ్వాన్స్ వేయకండి.

గదిలో అడుగు పెట్టగానే సంచులు విప్పకముందే మూడు పనులు చేయండి. ఏసీ వేసి పావుగంట ఆగండి. ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు తినేసి ఉంటే గాలి వస్తుంది గానీ చల్లబడదు, ఆ సంగతి పగలే తెలిస్తే గది మార్చమని అడగొచ్చు. రెండోది కరెంటు. ఉప్పుతేమకు ఎర్త్ వైరు బిగింపులు తుప్పు పడతాయి. అప్పుడు గీజర్‌లో చిన్న లీకేజీ ఉన్నా కొళాయిల్లోకి షాక్ వస్తుంది. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే తానే ఆగిపోయే స్విచ్ మీద, ఇంగ్లీషు 'T' అని రాసి ఉన్న చిన్న బొత్తం నొక్కించండి. టక్కున ట్రిప్ అయితే సరి, కాకపోతే గీజర్ స్విచ్ ఆపేశాకే పిల్లలకు స్నానం పోయండి. మూడోది నీళ్ళు. తీరంలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, సబ్బు నురగ రాదు, అన్నం రుచి మారుతుంది. ఆరుగురికి రోజుకు తలకు 4 లీటర్లన్నా, వంట కాక 24 లీటర్లు కావాలి. దారిలో 20 లీటర్ల క్యాన్లు మూడు ఎక్కించుకోండి. ఖాళీ అయిన క్యాన్ పారేయకండి, దాని పని కింద చెబుతాను.

ఇక సముద్రం. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. మన తూర్పు తీరంలో చాలాచోట్ల ఒడ్డు నాలుగడుగుల్లోనే లోతుకు జారిపోతుంది. నీళ్ళలో దిగే ముందు ఎత్తుగా ఉన్న ఇసుక మీద నిలబడి పది నిమిషాలు చూడండి. ఎడమా కుడీ అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా కాస్త నల్లగా, నున్నగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడ అలలు తక్కువని పిల్లలను అక్కడే దింపుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. రిప్ కరెంట్ అంటారు. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్ల వేగంతో లాగుతుంది, ఎంత గజ ఈతగాడైనా దానికి ఎదురీది ఒడ్డుకు రాలేడు. చిక్కుకుంటే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ సన్నగా ఉంటుంది కాబట్టి పక్కకు పోతే బయటపడతారు, ఆ తర్వాత అలలతో పాటే ఒడ్డుకు రావాలి. కాపాడబోయి వెనకే దూకినవాళ్ళు మునిగిపోవడం చాలాసార్లు జరుగుతుంది. అందుకే ఆ ఖాళీ క్యాన్. మూత గట్టిగా బిగించి, పిడి ఉన్న క్యాన్ అయితే పిడికి, లేకపోతే క్యాన్ మెడకు, 15 మీటర్ల నైలాన్ తాడు కట్టి, చిక్కుకున్నవాళ్ళకు విసరడానికి ఒడ్డున పెట్టుకోండి. 20 లీటర్ల ఖాళీ క్యాన్ మనిషి తల నీళ్ళపైన ఉండేలా తేలుస్తుంది. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పెద్దవాళ్ళొకరు ఉండాలి. గాలి లేకపోయినా దక్షిణ మహాసముద్రం నుంచి ఉప్పెనలాంటి పెద్ద అలలు వచ్చే రోజులు ఈ కాలంలో ఉంటాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాటికి ముందే హెచ్చరిక ఇస్తుంది, బయలుదేరే ముందు రోజు చూసుకోండి.

సముద్రానికి పొద్దున 6 నుంచి 9 వరకు, మళ్ళీ సాయంత్రం 4.30 తర్వాత. మధ్యలో ఇసుక కాలుతుంది, పెద్దవాళ్ళకు వడ దెబ్బ తగులుతుంది. జెల్లీ చేప తగిలితే మంచినీళ్ళు పోయకండి, ఇసుకతో రుద్దకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, తీగల్లాంటివి అంటుకుని ఉంటే పట్టకారుతో మెల్లగా తీసేసి, చర్మం కాలనంత వేడినీళ్ళలో 20 నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చేపల కోసం పోయేవాళ్ళు తేదీ చూసుకోవాలి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఉగాది ఏప్రిల్‌లో వచ్చిన ఏడు కూడా 15 లోపలే పోతే వంజరం, మాగ, ఎండ్రకాయలు తాజావి దొరుకుతాయి. ఆ తర్వాత దొరికేది చిన్న పడవల వాళ్ళు పట్టింది, లేదా ఐసులో పెట్టింది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. తిరుపతికి తెచ్చుకోవాలంటే కిలో చేపకు కిలో ఐసు లెక్కన థర్మాకోల్ పెట్టెలో పొరలు పొరలుగా వేసి, కరిగిన నీళ్ళు పోవడానికి కింద రంధ్రం పెట్టండి. నీళ్ళలో నానిన చేప ఐసు ఉన్నా మెత్తబడుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు ఒడ్డెక్కుతాయి, గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికి వచ్చేది ఒకటిన్నర రెండు నెలల తర్వాత. సముద్రం వైపు లైట్లు ఆపి పడుకోండి. ఆ వెలుగు చూసి పసి తాబేళ్ళు నీళ్ళ వైపు కాకుండా కాటేజీ వైపు పాకుతాయి.

బండిని ఇసుకలోకి దింపకండి. దిగబడితే చక్రాలు తిప్పుతూ పోకుండా టైర్లలో గాలి 20 పాయింట్లకు దించి, చక్రం ముందు ఇసుక తీసి, బండిలోని ఫుట్‌మ్యాట్లు వేసి మెల్లగా కదిలించండి. ఇల్లు చేరిన రోజే అడుగు భాగమంతా మంచినీళ్ళతో కడిగించాలి. ఉప్పు వారం ఉంటే బ్రేకు డిస్కులు, సైలెన్సర్ బోల్టులు తుప్పు పడతాయి.