పందెంలో బండ లాగాక అరగంటైనా ఒక గిత్త రొప్పు తగ్గట్లేదు, జతలో రెండోది తొందరగానే తేరుకుంది. వేడి ఒంటి మీద చన్నీళ్లు పడితే నరాలు బిగుసుకుపోతాయని మా పెద్దాయన అంటున్నాడు, నీళ్లు పొయ్యొచ్చా?

పొయ్యొచ్చన్నా, పొయ్యాలి కూడా. వేడి ఒంటి మీద చన్నీళ్లు పడితే నరాలు బిగుసుకుపోతాయని మీ పెద్దాయన అన్నమాటే మా ఇంట్లోనూ అనేవాళ్లు, మాది అద్దంకి వైపు, తాతల నాటి నుంచీ ఒంగోలు గిత్తలున్నాయి, నేనైతే పందెం అవ్వగానే నీడలోకి తోలి మెడ, గంగడోలు, డొక్కలు, తొడల మీద బక్కెట్లతో పోస్తూనే ఉంటా, ఇప్పటిదాకా ఏదీ బిగుసుకుపోలేదు. కాకపోతే గాలి ఆడే చోట కట్టండి, జనం చుట్టూ మూగితే పోసిన నీళ్లు ఆరవు, ఆరకపోతే వేడి దిగదు.

ఇక ఆగి అరగంటైనా ఎందుకు రొప్పుతుందంటారా, అది ఊపిరి చాలక కాదు, ఎక్కువగా వేడి వదిలించుకోడానికి. కండరం పని చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతే బండ లాగడానికి పోతుంది, మిగతాదంతా వేడే. లాగుతున్నంతసేపు రక్తం పొట్ట వైపు తగ్గి కండరాలకి మళ్లుతుంది, వేడి పెరిగేకొద్దీ చర్మం కూడా రక్తం అడుగుతుంది, ఇద్దరికీ ఒకటే గుండె సప్లై చెయ్యాలి కాబట్టి అది పరుగెత్తుతుంది, పైగా చెమటకి ఒంట్లో నీరు తగ్గితే ఇంకా కొట్టుకుంటుంది. అసలు కాడి మెడ మీద పడకముందే, మైకు మోత, డప్పులు వినగానే గుండె వేగం అందుకుంటుంది, తోక కింద నాడి పట్టుకుని చూడండి మీకే తెలుస్తుంది. బండ ఆగాక గుండె కాసేపటికి దిగొస్తుంది కానీ ఒంటి వేడి అంత తొందరగా దిగదు, ఒక్కోసారి ఆగిన తర్వాత కూడా కొద్ది నిమిషాలు పెరుగుతుంది, అది దిగేదాకా డొక్కలు ఎగురుతూనే ఉంటాయి.

ఇక్కడ ఒకటి జాగ్రత్త. మొదట్లో నోరు మూసుకుని గబగబా పైపైన పీలుస్తుంది, ఆ గాలి ముక్కు, గొంతులో తడిని ఆవిరి చేసుకుంటూ పోతుంది, అది మంచిదే. తర్వాత ఊపిరి లెక్క తగ్గి, నోరు తెరిచి నాలుక బయటపెట్టి లోతుగా లాగడం మొదలుపెడితే హమ్మయ్య తేరుకుంటోంది అనుకోకండి, వేడి చెయ్యి దాటుతోందని అర్థం. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పోయి రక్తం గుణం మారిపోతుంది, చొంగతో లవణాలూ పోతాయి. థర్మామీటర్ ఒకటి జేబులో పెట్టుకోండి, ఖర్చు తక్కువ. మామూలుగా 101 నుంచి 102 ఫారెన్‌హీట్ ఉండాలి, పందెం తర్వాత 104 దాకా వెళ్లి దిగుతుంటే నీళ్లు పోస్తూ చూస్తుండండి, 105 దాటి దిగకపోతే మాత్రం డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే, ఇంకో రౌండ్ అన్న మాట ఎత్తకూడదు.

మన ఒంగోలు జాతికి చెమట బాగా పడుతుంది, పైన తెల్ల బొచ్చు ఎండని తిప్పికొడుతుంది, బ్రెజిల్ వాళ్లు నెల్లూరు పేరు మీద నెలోరె అని మందలు మందలు పెంచుకునేది ఊరికే కాదు. గేదెలకి ఆ సుఖం లేదు, నల్ల తోలు, చెమట గ్రంథులు చాలా తక్కువ, అందుకే మధ్యాహ్నమైతే చెరువులో దిగుతాయి. కాబట్టి దున్నపోతుతో పోల్చి మీ గిత్తని చూడకండి.

జతలో రెండోది తొందరగా తేరుకుంది, ఇది తేరుకోలేదు అన్నారు కదా, నేనైతే ముందు మేత చూస్తా. పందేనికి బలమొస్తుందని తెల్లారే ఉలవలు, దాణా దండిగా పెడతారు, నిండిన పొట్ట ఊపిరితిత్తుల్ని ముందుకి తోస్తుంది, పైగా ఆ మేత పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది. లాగడానికి ముందు తక్కువ పెట్టండి, మేత సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. నీళ్లు మాత్రం ఆపొద్దు, రొప్పు కాస్త తగ్గగానే కొంచెం కొంచెంగా తాగనివ్వండి.

అదీ కాదంటే కంటి రెప్ప వెనక్కి తీసి చూడండి, గులాబీ రంగు లేకుండా పాలిపోయి ఉంటే గోమార్ల వల్ల వచ్చే రక్తపు జబ్బు ఉండొచ్చు, ఎర్రకణాలు తక్కువైతే ఎంత బలమైన గిత్తకైనా గుండె రెండింతలు కష్టపడాలి. పందెం లేని రోజు పొద్దున్నే జ్వరం చూసి, రక్తం టెస్ట్‌కి పంపండి, రిపోర్ట్ వచ్చేదాకా ఆ గిత్తకి కాడి కట్టొద్దు.