నెయ్యి వేసినా బొచ్చు ఎందుకు మెరవడం లేదు?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, బరువు 30 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. రెండు పూటలా పెరుగన్నంలో టేబుల్ స్పూన్ చొప్పున నెయ్యి కలుపుతాం. అయినా బొచ్చు గరుకుగా ఉంది, పొట్టు రాలుతోంది. మొన్న ఆదివారం చికెన్ స్కిన్ పెడితే మర్నాడంతా వాంతులు. 4 కిలోల పిల్లికీ ఇదే తిండి. కొబ్బరినూనె మంచిదా, చేపనూనె మాత్రలు వాడాలా? – ఓ పాఠకురాలు

సమాధానం: ముందు ఆ వాంతుల సంగతి తేలాలి. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా పడితే కొన్ని కుక్కల్లో క్లోమం (ప్యాంక్రియాస్) వాస్తుంది. మళ్లీ వాంతులైనా, తిండి మానేసినా, ముందుకాళ్లు చాచి ఛాతీ నేలకు ఆనించి నడుము పైకెత్తి నిలబడుతున్నా, అది కడుపునొప్పి. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఇప్పుడు తేరుకున్నా, క్లోమానికి సంబంధించిన లైపేజ్ రక్తపరీక్ష, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్స్ చూపించుకున్నాకే ఏ నూనైనా మొదలుపెట్టండి. చికెన్ స్కిన్, బిర్యానీ మిగులు ఇక పూర్తిగా బంద్. బిర్యానీలో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది కూడా.

ఇక నెయ్యి. రెండు టేబుల్ స్పూన్లంటే సుమారు 27 గ్రాములు, 240 క్యాలరీలు. ఆపరేషన్ అయిన 30 కిలోల కుక్కకు రోజుకు 1250 క్యాలరీలు చాలు. అంటే దాదాపు ఐదో వంతు నెయ్యిలోనే పోతోంది. కానీ చర్మానికి కావాల్సింది లినోలిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు. దాన్ని కుక్క శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. మీ కుక్కకు రోజుకు కనీసం మూడున్నర గ్రాములు కావాలి. నెయ్యిలో అది నూటికి రెండు పాళ్లే కాబట్టి మీరు వేసే మొత్తం నెయ్యిలో అర గ్రాము దొరుకుతుంది. కొబ్బరినూనెదీ అదే కథ. పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 60 శాతం ఉంటుంది, ఒకటిన్నర టీస్పూన్లతో లోటు తీరుతుంది. మీ వీధి కొట్లో దొరికే నువ్వులనూనె కూడా పనికొస్తుంది, కాస్త ఎక్కువ పట్టినా. నెయ్యి మానేసి దాని స్థానంలో వేయాలి, పైన అదనంగా కాదు.

అయితే నూనె ఒక్కటే సరిపోదు. పెరుగన్నంలో ప్రొటీన్, జింక్, విటమిన్లు చాలవు. జింక్ తగ్గినా పొట్టు రాలుతుంది. సంపూర్ణ ఆహారమని ముద్రించిన డ్రై ఫుడ్‌కు 7 నుంచి 10 రోజుల్లో మెల్లగా మార్చండి. దానిలో కొవ్వు ఎటూ ఉంటుంది కాబట్టి అప్పుడు నూనె అక్కర్లేదు. గోమార్లు, గజ్జి, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపిస్తాయి. వేపేరీ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో చర్మం గీరి పరీక్ష చేయించండి.

చేపనూనె పని వేరు. దానిలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు దురద, వాపు తగ్గిస్తాయి. లేబుల్‌పై 1000 మిల్లీగ్రాములని ఉన్నా, మామూలు మాత్రలో ఈ రెండూ కలిపి 300 మాత్రమే ఉంటాయి. ఆ అంకె చూసి లెక్కేయండి. క్లోమం బాగుందని తేలాక రోజుకు ఒకటితో మొదలుపెట్టి, విరేచనాలు లేకపోతే వారానికొకటి చొప్పున మూడు దాకా పెంచవచ్చు. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. కాడ్ లివర్ ఆయిల్ జోలికి మాత్రం పోకండి, విటమిన్ ఎ, డి ఎక్కువై ముప్పు తెస్తాయి.

పిల్లికి ఈ లెక్కలేవీ వర్తించవు. కుక్క లినోలిక్ ఆమ్లం నుంచి అరాకిడోనిక్ ఆమ్లమనే మరో అవసరమైన కొవ్వును చేసుకుంటుంది, పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. అది మాంసం, గుడ్డు, చేపల కొవ్వులోనే దొరుకుతుంది. టారిన్ (అమినో ఆమ్లం), విటమిన్ ఎ కూడా అంతే: క్యారెట్ ఎంత తినిపించినా పిల్లి దాన్ని విటమిన్ ఎగా మార్చుకోలేదు. పెరుగన్నంతో పిల్లిని పెంచడం నా దృష్టిలో దాన్ని మెల్లగా గుడ్డిదాన్ని చేయడమే. టారిన్ లోటు కంటిచూపును, గుండెను దెబ్బతీస్తుంది. కుక్క ఫుడ్ కాదు, పిల్లుల కోసం చేసిన సంపూర్ణ ఆహారమే పెట్టండి. రోజుకు 200 నుంచి 240 క్యాలరీలు. మార్కెట్లో మత్తి అని అమ్మే కవళ్లు ఉడికించి, ముళ్లు తీసి వారానికి ఒకసారి పెట్టొచ్చు. రోజూ చేపలే అయితే విటమిన్ ఇ తగ్గి చర్మం కింద కొవ్వు వాచి, ముట్టుకుంటేనే అరుస్తుంది.

కొత్త తిండి ముట్టకపోతే 'ఆకలేస్తే అదే తింటుందిలే' అని వదిలేయకండి. రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉంటే, ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. పాత తిండిలో ఒక స్పూన్ కొత్తది కలిపి, గోరువెచ్చగా చేసి పెట్టండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఒక మాట, విడిగా కిలో లెక్కన అమ్మే ఫుడ్ కొనొద్దు. చెన్నై ఉక్కకు అందులోని కొవ్వు త్వరగా పాడవుతుంది. నెలలో అయిపోయే ప్యాకెట్ తెచ్చి, ఆ ప్యాకెట్‌తో సహా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. పాతబడ్డ నూనె వాసన వస్తే పారేయండి.