రేవు కట్టే ముందు రేవుదారి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా విన్నాక తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను. ఇలాంటివి మాటల్లో చెబితే సగం జారిపోతాయి. కాగితం మీద ఉంటే మీ పంచాయతీ కార్యదర్శికి కూడా చూపించుకోవచ్చు.

నాకు అర్థమైనంతవరకు మీ రేవు సంగతి ఇదీ. ఏటిగట్టు దిగి రేవుకు వెళ్లే పుంతకు, అంటే ఆ బండిదారికి, రెండు పక్కలా రొయ్యల చెరువులు వచ్చాయి. ఏటేటా చెరువుగట్లు కాస్త కాస్త పుంతలోకి జరిగాయి. ఇప్పుడు చెరువుల ఆసామి గేటు పెట్టి రాత్రిళ్లు తాళం వేస్తున్నాడు. ఇంకోపక్క రేవులో సిమెంటు ర్యాంపు కట్టడానికి నిధులు ఇప్పిస్తామని పెద్దవాళ్లు అంటున్నారు. సర్పంచిగా శంకుస్థాపనకు తేదీ ఇవ్వమంటావా, గేటు సంగతి చూడమంటావా అని అడిగావు.

గేటు సంగతి చూడు. ర్యాంపు ఆర్నెల్లు ఆగినా ఏమీ కాదు. దారి తేలకుండా ర్యాంపు కడితే ప్రభుత్వ డబ్బుతో ఆ చెరువుల వాళ్లకు సొంత రేవు కట్టిపెట్టినట్టే. మేత బస్తాలు, ఐసు పెట్టెలు దింపుకోవడానికి వాళ్లకు బాగా పనికొస్తుంది. మీ వాళ్లు మాత్రం తాళం తీసేదాకా గట్టు మీద నిలబడాలి. వేటకు వెళ్లేవాడికి పోటు ఎప్పుడొస్తే అప్పుడే పడవ కదలాలి, అర్ధరాత్రయినా సరే. తెల్లారకముందే గంపలు ఎత్తుకుని సంతకు పోయే ఆడవాళ్లు ఉన్నారు. అవతలి లంకలో ఎవరికైనా పురిటినొప్పులు మొదలైతే పడవలో ఈ ఒడ్డుకే తీసుకురావాలి. రాత్రి మూసి ఉండే దారిని దారి అనలేం.

ముందు కాగితాలు తీయించు. తహసీల్దారు ఆఫీసులో గ్రామపటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీలు (కొలతల పటాలు), ఆర్ఎస్ఆర్ (రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), పాత అడంగల్ (ఏటేటా రాసే సాగు లెక్క) కాపీలు కావాలి. అన్నీ సర్టిఫైడ్ కాపీలే తీసుకో, సెల్‌ఫోన్లో ఫోటోలు చాలవు. పటంలో పుంతకు పోరంబోకుగా, అంటే ప్రజల అవసరాలకు వదిలిన ప్రభుత్వ భూమిగా, విడిగా నంబరు ఉందా, లేక ఎవరి పట్టా భూమిలోంచో చుక్కల గీతలుగా పోతోందా అన్నది మొదట తేలాలి. మీ మండలంలో రీసర్వే అయిపోయి ఉంటే ఇంకో జాగ్రత్త ఉంది. కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాపులో పుంతకు విడిగా నంబరు వచ్చిందో లేదో చూడు. పక్క చెరువులో కలిపేసి ఉంటే వెంటనే అభ్యంతరం పెట్టాలి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద 13వ సెక్షన్ ప్రకటన వచ్చాక హద్దు మీద సివిల్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. ఆ గడువు దాటితే ఎంత న్యాయమైన మాటకైనా బలం తగ్గిపోతుంది.

పోరంబోకు అని తేలితే పని సులువు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ మనకు అమల్లోనే ఉంది. నదీగర్భం, సముద్రగర్భం, దారులు, పోరంబోకులు ప్రభుత్వ ఆస్తి అని ఆ చట్టమే చెబుతుంది. తహసీల్దారు ఏడో సెక్షన్ నోటీసు ఇచ్చి, ఆక్రమణదారుడి జవాబు విని, ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయిస్తాడు. ఊరికే అర్జీ ఇస్తే అది ఫైల్లో పడుకుంటుంది. గ్రామసభ తీర్మానం, ఎఫ్ఎంబీ కాపీ, సర్వేయరు కొలతల స్కెచ్ మూడూ కలిపి ఇస్తే అధికారికి కాదనే అవకాశం ఉండదు.

తీర్మానం రాసేటప్పుడు మాటలు జాగ్రత్త. ‘రేవుకు దారి కల్పించవలెను’ అని రాయకండి. అలా రాస్తే ఇప్పటిదాకా దారి లేదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ‘ఫలానా సర్వే నంబరులో ఏటిగట్టు నుంచి నీటి అంచు వరకు తరతరాలుగా ప్రజలు వాడుతున్న పుంతను’ అని మొదలుపెట్టండి. నీటి అంచు అన్న మాట తప్పకుండా ఉండాలి. గోదావరి ఒడ్డు నిలకడగా ఉండేది కాదు. ఒకచోట కోస్తుంది, ఒకచోట మేట వేస్తుంది. మీ రేవు పదేళ్ల తర్వాత కాస్త ఎగువకో దిగువకో జరగొచ్చు. ఉప్పాడలో సముద్రం ఇళ్లనే ఎలా మింగిందో నువ్వూ చూశావు. అందుకే మెట్లున్న చోటు ఒక్కటే కాకుండా, అటూ ఇటూ ఒడ్డున పడవలు లాగి పెట్టే జాగా, వలలు ఆరేసే జాగా కూడా తీర్మానంలోకి రావాలి.

2011లో వచ్చిన 188వ నంబరు జీవో, అంటే పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నియమాలు, నీకు పెద్ద ఆయుధం. పుంత, రేవు, వలల జాగా అన్నీ పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో కొలతలతో ఎక్కించండి. ఎక్కించాక, రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో ఆ నంబర్లు చేర్చమని తహసీల్దారు ద్వారా కలెక్టరుకు రాయించు. అప్పుడు ఎవరూ వాటిని దస్తావేజుల్లో కలిపి అమ్ముకోలేరు. వకీలును పెట్టుకోవాల్సి వస్తే రెండు సుప్రీంకోర్టు తీర్పులు గుర్తుచెయ్యి. నదుల్లాంటివాటిని ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడాలన్నది 1996 నాటి కమల్‌నాథ్ కేసు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది 2011 నాటి జగ్‌పాల్ సింగ్ కేసు.

ఒకవేళ దారి పట్టా భూమిలోంచే పోతోందని తేలిందనుకో, అప్పుడూ కంగారు పడకు. 1882 నాటి ఈజ్‌మెంట్ (ఇతరుల భూమిని దారి లాంటివాటికి వాడుకునే హక్కు) చట్టం ప్రకారం 20 ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా, బాహాటంగా నడిచిన దారికి రక్షణ ఉంది. ఊరంతా వాడే దారికి ఆచారం వల్ల వచ్చే హక్కు వేరే ఉంది. కానీ ఒక మెలిక చూసుకో. ఆ 20 ఏళ్ల వాడకం కోర్టుకు వెళ్లే తేదీకి ముందు రెండేళ్ల లోపలి వరకు సాగి ఉండాలి. గేటు పడి ఎన్నాళ్లయిందో ఇవాళే రాసిపెట్టుకో. మధ్యవర్తులు వచ్చి ‘చూద్దాం, మాట్లాడదాం’ అంటూ కాలం గడిపేస్తే నష్టపోయేది ఊరే.

ఇంకొకటి, దీని మీద గట్టిగా ఉండు. ఆసామి మంచిమాటగా వచ్చి, ‘తాళంచెవి ఒకటి సర్పంచిగారి దగ్గర ఉంచుతాను, కావాల్సినప్పుడు తీసుకోండి’ అంటాడు. తీసుకోవద్దు. తాళంచెవి తీసుకున్నామంటే అతని అనుమతితో నడుస్తున్నామని ఒప్పుకున్నట్టే. అనుమతితో నడిచినది ఎన్నేళ్లయినా హక్కుగా మారదు. అతనికి రాసే ఏ కాగితంలోనూ ‘దయచేసి అనుమతించగలరు’ అన్న మాట రానివ్వకు.

సాక్ష్యాలు మీ ఊళ్లోనే బోలెడు ఉంటాయి. రేవు పాట (వేలం) పాడిన పాత రికార్డులు, పాటదారు డబ్బు కట్టిన రసీదులు, మత్స్యశాఖ దగ్గర పడవల రిజిస్ట్రేషన్లు, మత్స్యకారుల సహకార సంఘం మినిట్స్ అన్నీ పోగుచెయ్యి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు సంవత్సరాల వారీగా కనబడతాయి, చెరువుగట్టు ఏ ఏడాది ఎంత జరిగిందో మీ ఇంజినీరింగ్ అసిస్టెంటు చూపించగలడు. పెద్దవాళ్ల వాఙ్మూలాలు తీసుకునేటప్పుడు ఆడవాళ్లను వదలకండి. మగవాళ్లు వేటకు పడవెక్కి వెళ్లిపోతారు, ఆ దారిలో రోజూ పోనూ రానూ నడిచేది చేపలమ్మే ఆడవాళ్లే. ఎక్కడ తాటిచెట్టు ఉండేదో, ఎక్కడ బండి తిరిగేదో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

సర్వేకు మంచి సమయం వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులూ ఇంటిపట్టునే ఉంటారు. రేవుకు ఎంత జాగా కావాలో అప్పుడు కళ్లకు కనబడుతుంది. గ్రామ సచివాలయం సర్వేయరును పిలిచి, చెరువుల ఆసామికి ముందే రాతపూర్వకంగా కబురు పంపి, అందరి ఎదురుగా కొలిపించు. కొలతలు అయ్యాక ఒక పని చెయ్యి. ట్రాక్టరు ట్రక్కు మీద ఒక ఫైబర్ బోటు ఎక్కించి గట్టు మీంచి నీళ్ల దాకా నడిపించు. మలుపు దగ్గర వెనక చక్రం ఎక్కడిదాకా వస్తే అక్కడ సున్నం పొయ్యించు. ఐసు ఆటో దిగుతుంటే చేపల ఆటో ఎక్కాలి, ఆ రెండూ తప్పుకునే చోట కూడా సున్నం పొయ్యించు. కాగితం మీద ఎన్ని అడుగులని వాదించుకునే కన్నా ఆ తెల్లటి గీత ఆర్డీవోకు చూపిస్తే విషయం ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఆర్డీవో అంటే గుర్తొచ్చింది. గేటు తీయించడానికి సివిల్ కోర్టు ఒక్కటే దిక్కు అనుకోకు. ప్రజలు వాడే దారికి గానీ, నదికి గానీ, కాలువకు గానీ అడ్డం పెడితే తొలగించమని ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. అవతలివాడు అది అసలు ప్రజల దారే కాదని ఆధారాలు చూపిస్తే మాత్రం సివిల్ కోర్టుకు వెళ్లక తప్పదు. అందుకే కాగితాలు ముందు అన్నాను.

ఇన్ని చెప్పాను గానీ, నోటీసు కన్నా ముందు ఆసామితో ఒకసారి కూర్చో. అతనూ ఊరివాడే. అతని భయాలు నిజమైనవే. రాత్రిళ్లు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు దొంగల పాలవుతున్నాయి, ఎవరైనా ఒక చెరువులో దిగిన కాళ్లతో ఇంకో చెరువులో దిగితే రొయ్యలకు తెల్లమచ్చ తెగులు అంటుకుంటుందని హడలిపోతుంటాడు. ఒక్క పంట పోతే అప్పుల్లో మునిగిపోతాడు. పుంతకూ చెరువుకూ మధ్య కంచె వేయిద్దాం, పుంత పొడవునా పంచాయతీ దీపాలు పెడదాం అని చెప్పు. అతనికి కావాల్సిన కాపలా కంచెతో దొరుకుతుంది, ఊరికి కావాల్సిన దారి తెరిచే ఉంటుంది. కొంతమంది ఇలా చెబితే దిగొస్తారు, నేను చాలాచోట్ల చూశాను. పట్టా భూమిలో కాస్త ముక్క తానే వదులుతానంటే సంతోషం, కానీ గ్రామ పంచాయతీ పేర హద్దులతో సహా రిజిస్టరు గిఫ్ట్ డీడ్ రాయించుకో. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఇస్తే అది రేపు అతని కొడుకుల ముందు నిలవదు.

రేవు పాట మీ పంచాయతీ పాడించినా, మండల పరిషత్తు పాడించినా, షరతుల్లో రెండు వాక్యాలు చేర్పించు. పాటదారుకు వచ్చేది దాటించే పడవ మీద రుసుము వసూలు చేసుకునే హక్కు మాత్రమే, ఒడ్డు మీద ఏ హక్కూ లేదు. వేటపడవల దగ్గర, బడిపిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి లాంటి పెద్ద రేవుల మీద అందరి కళ్లూ ఉంటాయి, చిన్న రేవుల్లో పాటదారు చెప్పిందే చట్టమైపోతుంది. రేపు దగ్గర్లో వంతెన పడి రేవు ఆదాయం ఆగిపోయినా రిజిస్టరులోంచి తీసెయ్యనివ్వకు. ఆదాయం లేని రేవు మీదే ముందు కన్ను పడుతుంది.

ఇక ర్యాంపు. దారి తేలాక ఇంజినీరును పోటు మీదున్నప్పుడు ఒకసారి, పాటు మీద, అంటే నీళ్లు తీసి ఉన్నప్పుడు, ఒకసారి రేవుకు తీసుకెళ్లు. పోటు నీళ్లు చూసి అంచనా వేసిన ర్యాంపులు పాటు వేళ గాల్లో ఆగిపోతాయి. కింద మోకాటిలోతు బురదలో దిగి, గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఒడ్డెక్కాల్సి వస్తుంది. ర్యాంపు చివర అమావాస్య పాటు నీటిమట్టం కన్నా కిందికి పోవాలి. పోటుకూ పాటుకూ మధ్య ఉండే పట్టీ మీద పాచి పడుతుంది, అక్కడ నున్నటి సిమెంటు పనికిరాదు, అడ్డంగా గాడులు కొట్టించాలి. నది మీద కట్టడానికి జలవనరుల శాఖ అనుమతి, ఆటుపోట్లు తగిలే చోటు కాబట్టి తీరప్రాంత నియంత్రణ నిబంధనల (సీఆర్‌జెడ్) అనుమతి కూడా చూసుకోవాలి. మత్స్యకారులకు కావాల్సిన వలల జాగాలు, చేపలు ఎండబెట్టే కళ్లాలు, వేలం షెడ్లు లాంటివాటికి ఆ నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది, లేదని ఎవరైనా అంటే నోటిఫికేషన్ చూపించమను.

ఎంతమంది ఎక్కాలో రాసిన బోర్డు, లైఫ్ జాకెట్లు, రేవు మీద వెలుతురు ర్యాంపు అంచనాలోనే పెట్టించు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లల పడవ మునిగింది. మరుసటేడు సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. మీ లంక పిల్లలూ రోజూ పడవెక్కేవాళ్లే కాబట్టి దీన్ని తర్వాత చూద్దామని వాయిదా వెయ్యొద్దు.

ముందు ఈ వారంలో గ్రామపటానికీ ఎఫ్ఎంబీలకూ అర్జీ పెట్టు. కాపీలు రాగానే నాకు పంపు, తీర్మానం చిత్తుప్రతి ఇద్దరం కలిసి రాద్దాం. సర్వే తేదీ ఖాయమైతే రెండు రోజుల ముందు చెప్పు, నేనూ వస్తాను.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మావయ్య