కుర్చీలను చూస్తూ వెళ్లు: అల్లుడికి ఒక లేఖ

కావలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు వచ్చే వారం సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వెళ్లి, అక్కడి నుంచి చండీగఢ్ దాకా పోయి వస్తావని మీ అమ్మ చెప్పింది. తిరిగి వచ్చాక మన వడ్రంగి కొట్లో పని నేర్చుకుంటానన్న మాట నిజమే అయితే, ఆ నేర్చుకోవడం దారిలోనే మొదలుపెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం. గోపురాలూ మేడలూ అందరూ చూసేవే. నీవు వాటితో పాటు కూర్చున్న ప్రతి చోటా కుర్చీని కూడా చూడు.

ఎందుకు చూడాలో నా తప్పుతోనే చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక కార్యాలయం వారు, పని మీద వచ్చేవారు కూర్చోవడానికి పన్నెండు కుర్చీలు చేయించుకున్నారు. మంచి టేకు; ఒక్క మేకు కొట్టకుండా, ఒక కర్ర కొసను ఇంకో కర్ర తొలిలో దించే కూసాలతోనే బిగించాను. ఎత్తుగా ఉంటే దర్జాగా ఉంటుందన్న భ్రమతో కూర్చునే పలకను 19 అంగుళాల ఎత్తున పెట్టాను. కొన్ని నెలల తరువాత నేనే ఏదో కాగితం కోసం అక్కడికి వెళ్లి కూర్చున్నాను. ఎదురుగా పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె పాదాలు నేలకు అందడం లేదు. కాసేపు కాళ్లు ఊపింది, చేతిసంచిని కిందపెట్టి దాని మీద పాదాలు ఆనించింది, తొడ కింద అంచు ఒత్తుతుంటే ముందుకు జరిగింది, ముందుకు జరిగేసరికి వీపుకు ఆనిక పోయింది. చివరికి లేచి, గోడవారగా నేల మీద చతికిలబడి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ కుర్చీల కూసాలు ఈనాటికీ కదలలేదని విన్నాను గాని, ఆ రోజు నా కూసాలు మాత్రం కదిలిపోయాయి.

కాబట్టి ఏ కుర్చీనీ కూర్చున్న క్షణంలో మెచ్చుకోవద్దు. నడిచి అలసిపోయి వచ్చినవాడికి మొదటి రెండు నిమిషాలు బండరాయి కూడా సుఖంగానే ఉంటుంది. అరగంట గడిచాక నీ ఒళ్లు ఏం చేస్తున్నదో గమనించు. నడుము వెనక తువ్వాలు మడిచి పెట్టుకోవాలనిపిస్తే వీపు పలక ఆనవలసిన చోట ఆనడం లేదన్నమాట. కాలు మీద కాలు మాటిమాటికీ మారుస్తుంటే తొడల కింద ఒత్తిడి ఉన్నదన్నమాట. లేచేటప్పుడు కూడా చూడు. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టి లేవవలసి వస్తే ఆ కుర్చీ మరీ పల్లంగానైనా ఉంటుంది, దానికి పట్టుకోదగ్గ చేతులైనా ఉండవు.

పదిమందిలో టేపు తీస్తే జనం వింతగా చూస్తారు గనుక నీ చేతినే కొలత చేసుకో. బయలుదేరే ముందు నీ జాన ఎన్ని అంగుళాలో, బెత్త ఎన్ని అంగుళాలో టేపుతో ఒకసారి సరిచూసుకుంటే చాలు. నా జాన సరిగ్గా 9 అంగుళాలు. మన వాళ్లలో ఎక్కువమందికి పలక ఎత్తు రెండు జానలకు ఒకటి రెండు అంగుళాలు తక్కువగా ఉండాలి. లోతు 16, 17 అంగుళాలు దాటితే పొట్టివారికి వీపు అందదు. కుర్చీ చేతులు పలక నుంచి జానకు కొంచెం తక్కువ ఎత్తులో ఉంటే భుజాలు ఎగదన్నవు. ఇవి వేదవాక్కులేమీ కావు. వీటిని తప్పి కూడా సుఖంగా ఉన్న కుర్చీ కనిపిస్తే దానినే ముందుగా వ్రాసుకో.

రైలులో నీకు ఇదే కనబడుతుంది. స్లీపరు పెట్టెలో కింది బెర్తు రాత్రికి మంచం కావాలి గనుక దాని లోతు కుర్చీ లోతును మించిపోతుంది. వెనక్కి ఆనుకుంటే పొట్టివారి పాదాలు గాలిలో ఉంటాయి, పాదాలు ఆనిస్తే వీపు గాలిలో ఉంటుంది. పల్లెవెలుగు బస్సు గురించి నీకు నేను చెప్పేదేముంది, ముగ్గురి సీటులో చివర కూర్చున్నవాడికి సగం సీటే దక్కుతుంది. ఒంగోలు దారిలో చీమకుర్తి నల్లరాతి బల్లలు కనిపిస్తే మాత్రం మధ్యాహ్నం ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి కూర్చుని చూడు. మెరుగు చూసి రాయిని మెచ్చుకుంటాము గాని, మే నెల ఎండకు కాగిన రాయి ఆ మెరుగుతో పాటే తొడలనూ కాలుస్తుంది.

ప్లాస్టిక్ కుర్చీని చూసి నవ్వవద్దు. మన వడ్రంగులం దానిని తిట్టుకున్నంతగా మరిదేనినీ తిట్టుకోలేదు, దానికి కారణం లేకపోలేదు. అయినా అది చాలా తెలివైన వస్తువు. కరిగించిన పాలీప్రొపిలీన్‌ను అచ్చులోకి ఒత్తిడితో పంపితే కాళ్లు, పలక, వీపు, చేతులు అన్నీ ఒకే ముక్కగా వస్తాయి. కూసమే లేని చోట కూసం వదులయ్యే ప్రశ్నే లేదు. వీపులోని సందులు గాలి ఆడడానికీ, వాన నీరు నిలవకుండా ఉండడానికీ పనికివస్తాయి. కాళ్లు కిందికి వెడల్పుగా చాచుకుని ఉండబట్టే ఒకదానిలో ఒకటి దిగి, షామియానా వాళ్ల ఆటోలో ఒక పెళ్లికి సరిపడా కుర్చీలు పడతాయి. దాని లోపం కూడా పెళ్లిలోనే చూడాలి. బరువైన పెద్దమనిషి రాగానే ఎవరో ఒకరు పరుగున వెళ్లి రెండు కుర్చీలను ఒకదానిలో ఒకటి వేసి తెస్తారు, ఆయన కూర్చోగానే వెనక కాళ్లు కొద్దిగా విచ్చుకుని ఆగుతాయి. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న కుర్చీ మీద వేలు రాస్తే సున్నంలాంటి పొడి అంటుతుంది. అది పెళుసెక్కిన గుర్తు, దాని మీద కూర్చోకు.

హైదరాబాదులో పాత ఇరానీ హోటలుకు వెళ్లినప్పుడు, వంచిన కర్రతో చేసిన గుండ్రని పలకల కుర్చీ ఉంటే చాయ్ ఇంకొకటి చెప్పి అయినా ఎక్కువసేపు కూర్చో. ఆ తరహా కుర్చీని 1859లో వియన్నాలో థోనెట్ అనే ఆయన తెచ్చాడు. ఆవిరి పట్టి వంచిన బీచి కర్ర, మొత్తం ఆరు ముక్కలు, పది స్క్రూలు. విప్పితే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. కర్రను చెక్కి వంపు తేవడం వేరు, వంచి తేవడం వేరు. చెక్కితే పొర తెగుతుంది, వంచితే పొర వంపుతో పాటే పోతుంది, అందుకే అంత సన్నని కర్ర అంత బరువు మోస్తుంది.

చండీగఢ్‌లో స్విస్ వాస్తుశిల్పి పియర్ జెన్నరే 1950లలో కార్యాలయాల కోసం రూపొందించిన టేకు, పేము కుర్చీలను వెతికి చూడు. పక్కనుంచి చూస్తే కాళ్లు తిరగవేసిన వి ఆకారంలో ఉంటాయి. ఒకప్పుడు పాత సామానుగా పారవేసినవి తరువాత విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. ఆ ధరను చూడకు, పేము అల్లికను చూడు. మన వేడికి వీపు తడిసినప్పుడు గాలి తగిలేది దానిలోనే, రెక్సిను సీటులో కాదు.

అనుమతి లేకుండా ఎవరి కుర్చీనీ తిరగవేయకు. కూర్చున్నవారిని, ముఖ్యంగా ఆడవారిని, కన్నార్పకుండా చూస్తే మర్యాద పోతుంది. అడిగితే చాలామంది సంతోషంగానే చెబుతారు.

తిరిగి వచ్చిన రోజున, కొట్టుకు రాకముందే మన ఇంటి వసారాలో నేను చేసిన చేతుల కుర్చీలో ఒక అరగంట కూర్చో. మీ అత్తయ్య దానిని రోజూ తుడుస్తుంది గాని ఎన్నడూ దానిలో కూర్చోదు, బియ్యం ఏరుకోవడానికి అరుగు మీదికే పోతుంది. కారణం నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. నీకెంతసేపు పడుతుందో చూడాలని ఉన్నది, అందుకే ఇక్కడ వ్రాయడం లేదు.

ఇట్లు,
మీ మామయ్య